ఏడికి పోతున్నవ్ బిడ్డా?

సూర్యకళ బ్యాగు సర్దుకుంటుంటే నేను మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. తలుపు తెరిచే ఉంది. నెమలిరంగు లంగా మడిచి పెట్టింది. దాని మీద ఓణీ, ఓణీ మీద ఫోను చార్జరు. గాజుల డబ్బా పట్టలేదు. అన్నీ మళ్లీ బయటికి తీసి, చెప్పులను అడుగుకు నెట్టి, డబ్బా పెట్టి, జిప్పు లాగడానికి బ్యాగు మీద మోకాలు ఆనించింది.

నాచారంలో దవాఖానా వెనక గల్లీలో మా ఇల్లు. పైగది అద్దెకిస్తాం. సూర్యకళది సూర్యాపేట దిక్కు. మా మనవరాలు కావ్య, తను ఒకే యూనివర్సిటీలో, ఒకే క్లాసులో చదివేవాళ్లు. కావ్య నన్ను నానమ్మా అంటుందని తనూ అట్లాగే పిలిచేది. ఆ రోజు కావ్యకు జ్వరం, కింద పడుకుని ఉంది.

సూర్యకళ బ్యాగు భుజానికేసుకుని మెట్లు దిగింది.

"ఏడికి బిడ్డా?" అన్నాను.

గోడ అవతల గిన్నెలు కడుగుతున్న సత్తమ్మ చటుక్కున లేచింది. "అయ్యో సాలక్కా! కాలు బయట పెట్టిన పిల్లను ఏడికని అడుగుతరా? నీ నోటికి జర తాళమెయ్యరాదు?"

"అడగనీ సత్తమ్మత్తా, నానమ్మ అడగకపోతే నాకే ఎట్లనో ఉంటది," అని నవ్వింది సూర్యకళ. "ఫ్రెషర్స్ పార్టీ నానమ్మా. కొత్త పిల్లలొచ్చిన్రు గదా, వాళ్ల కోసం. కాలేజీల పెడ్తె ఆట బంద్ పాట బంద్ అంటున్నరు. గందుకే సీనియర్లు కీసర దిక్కు ఫామ్‌హౌస్ మాట్లాడిన్రు. రేపు పొద్దుగాల వస్త."

"ఎవరితోని?"

"అందరితోని!"

చెంబులో నీళ్లు తాగింది. పోయొస్త నానమ్మా అంది. గల్లీ మలుపులో బ్యాగు ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చుకుంది. అంతవరకే నేను చూసింది.

మరునాడు పొద్దెక్కినా రాలేదు. ఫోను ఎత్తలేదు. ఎక్కడికి పోయిందో నేను అడిగి ఉన్నాను కాబట్టి మా కొడుకు నేరుగా కీసర తొవ్వ పట్టాడు. అతను చేరకముందే పాలవాళ్లెవరో చూశారట. ఆ పిల్లకు తలనొప్పి వచ్చి పార్టీ మధ్యలోనే బయలుదేరింది. ఎవరిదో బండి ఎక్కింది. వానకు బండి జారి ఇద్దరూ రోడ్డు దిగువన పడ్డారు. నడిపిన పిల్లవాడు తెల్లవారే దాకా స్పృహ లేకుండా పడి ఉన్నా బతికాడు. పార్టీలో ఉన్నవాళ్లు సూర్యకళ ఇంటికి చేరిందనుకున్నారు. ఇంట్లో మేము పార్టీలో ఉందనుకున్నాం. తెల్లవారే దాకా ఆ పిల్లను వెతికినవాళ్లు లేరు. "కొంచెం ముందు తెస్తే..." అని డాక్టరమ్మ అంత వరకే అని ఆపేసింది.

గల్లీ మాత్రం ఆగలేదు. "సాలమ్మ అడిగింది, ఆ పిల్ల పోయింది," అన్నారు. సత్తమ్మ పాత సంగతి కూడా తవ్వింది. మా ఆయన పోశయ్య లారీ డ్రైవరు. ఆఖరుసారి నాగపూర్ లోడుతో బయలుదేరినప్పుడు, ఏ తొవ్వన పోతున్నవ్, ఎప్పుడొస్తవ్ అని గడపలోనే అడిగాను. ఆదిలాబాద్ ఘాట్‌లో లారీ లోయలో పడింది. మా అత్త బతికినన్నాళ్లూ నా నోటినే తిట్టింది. బ్రేకులను ఒక్కనాడూ తిట్టలేదు.

నేను బడికి పోలేదు. మా ఆయన ఉన్న రోజుల్లో, లోడు దింపి వస్తాడని ఉప్పల్ చౌరస్తాలో నిలబడి, వచ్చే పోయే బస్సుల బోర్డులు చూస్తూ అక్షరాలు పట్టుకున్నాను. మొదట చదివింది ఘట్‌కేసర్. తర్వాత పేపర్లు, తర్వాత పుస్తకాలు. ఇన్ని చదివినా, అడిగితే మనుషులు చస్తారని ఎక్కడా కనపడలేదు. అయినా సూర్యకళ పోయాక నాకు నోరు పెగల్లేదు. కొడుకు డ్యూటీకి పోతున్నా, కావ్య కాలేజీకి పోతున్నా గోడ వైపు తిరిగి నిలబడేదాన్ని. లోపల మాత్రం ఏడికి, ఎవరితోని అని కొట్టుకునేది.

యూనివర్సిటీ వాళ్లు ఆ తర్వాత అన్ని కార్యక్రమాలూ రద్దు చేశారు. గేటు మీద పెద్ద నోటీసు కట్టారట. ఏడాది తిరిగింది. మళ్లీ కొత్త పిల్లలు వచ్చారు. ఒకరోజు కావ్య ఇంటికి వచ్చి చెప్పులు విసిరికొట్టింది.

"మళ్ల అదే ఫామ్‌హౌసు నానమ్మా! దుర్గేష్ లేడూ, ఫైనలియర్, వాడే మాట్లాడిండు. అచ్చే శనివారమట. జూనియర్లందరు పోతమంటున్నరు."

"నువ్వు పోకు."

"నేను పోను. వాళ్లు పోతరు గదా!" కావ్య నా ముందు కూలబడింది. "నానమ్మా, నోటీసు కడ్తె పార్టీ ఆగదే. ఊరవతలికి పోతది, గంతే. అందుకే క్యాంపస్‌లనే పెడ్తమని అడుగుత. ఎండుండంగనే మొదలువెట్టి, పొద్దు గూకంగనే బంద్ చేస్తం. ముందుగాల తిండి, తర్వాతనే డీజే. ఇంటికి చేర్చేతందుకు కాలేజీ బస్సులు."

"తాగొచ్చినోళ్లుంటే?"

"లోపలికి తీస్కపోయి కూసోబెడ్తం."

"తోలెయ్యక?"

"తోలేస్తె రోడ్డు మీదనే గదా పడేది!"

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. నేనైతే తోలేసేదాన్ని.

మా కొడుకు ఒప్పుకోలేదు. నీకెందుకు ఆ లొల్లి, రేపు ఏమన్నా అయితే నీ పేరే వస్తది అన్నాడు. "రానీ. ఎవరి పేరో ఒకరిది ఉండాలె గదా డాడీ," అంది కావ్య. పోయినసారి ఏమైందని అడిగితే, జరిపినవాళ్లం మేము అని చెప్పుకున్నవాళ్లే లేరు.

ఆదివారం నాడు మా ముందుగది నిండా పిల్లలు. పసుపు రిబ్బన్లు చేతికి కట్టుకున్నారు. రిబ్బను ఉన్నవాళ్లు పార్టీ నాడు ఆడరు, అందరినీ కనిపెట్టుకుని ఉంటారు. పోయేవాళ్లను గేటు దగ్గర ఎట్లా పంపాలో నేర్చుకుంటున్నారు. మా గడపే గేటు. కావ్య ఇంటికి పోయే పిల్లలాగా బ్యాగు వేసుకుని వచ్చింది. గేటు దగ్గర పద్మశ్రీ నిలబడింది. ఆ పిల్ల కావ్యకు, సూర్యకళకు దోస్తు.

"పోయొస్త," అంది కావ్య.

"మంచిది, పోయి రా," అంది పద్మశ్రీ.

"అడగాలె గదనే!"

"ఏమని?"

"ఏడికి పోతున్నవ్, ఎవరితోని పోతున్నవ్ అని!"

పద్మశ్రీ నోరు తెరిచింది. మళ్లీ మూసింది. "నాతోని అయితలేదే. బయలెల్లినోళ్లను అడిగితే మా అమ్మ సంపుతది."

అందరూ నవ్వారు. ఇంకో పిల్లవాణ్ణి నిలబెట్టారు. వాడు "జాగ్రత్త అన్నా" అన్నాడు గాని అసలు మాట అనలేదు. మరో పిల్ల "ఎటు..." అని నాలుక కరుచుకుంది. ఇంగ్లీషులో అడగమంటే అడిగారు. అడిగింది వాళ్లకే నమ్మకంగా లేదు, జవాబు వినకుండానే నవ్వేస్తున్నారు. ఇంత చదువుకుంటున్న పిల్లలు! తల్లుల నోళ్లన్నీ వీళ్ల గొంతుల్లో కూర్చుని ఉన్నాయి.

"మా ఇంట్ల గట్ల ఎవరన్న అడిగిన్రనుకో," అన్నాడు ఒకడు వెనక నుంచి, "పోయేటోడు మళ్లొచ్చి కూసోని, నీళ్లు తాగి పోవాలె. గేటు కాడ కుర్చీలేసి నీళ్ల డబ్బా పెట్టాలె మరి! పెండ్లి లెక్క!"

మళ్లీ నవ్వులు. కావ్య మాత్రం నవ్వలేదు. "పెడ్దాం," అంది.

"ఏందే?"

"కుర్చీలు పెడ్దాం. నీళ్లు పెడ్దాం. అడుగుదాం. అడిగినంక కూసోని నీళ్లు తాగి, చెప్పి పోతరు. కూసుంటేనే తెలుస్తది గదా ఎవడు తూలుతున్నడో, ఎవరికి వణుకుతుందో."

నేను చాయ్ పెట్టడానికి లేచాను. పద్మశ్రీ నా వెనకే వంటింట్లోకి వచ్చింది. గ్లాసులు తీస్తున్నట్టు నిలబడింది గాని తీయలేదు.

"నానమ్మా, నీ నోటి వల్ల కాదు."

"ఏంది బిడ్డా?"

"గల్లీల అందరు గట్ల అంటున్నరని కావ్య చెప్పింది. నీ వల్ల కాదు. ఆ ఫామ్‌హౌసు గేటు కాడ నేనున్న. నా ముందలకెల్లే పోయింది. తలనొస్తుందే, పోతున్న అన్నది. ఎవరి బండి, ఏ తొవ్వ అని అడుగుదామనుకున్న. బయలెల్లింది గదా, ఎందుకులే అని..." ఒక గ్లాసు తీసి రెండు చేతులా పట్టుకుంది. "పోయి రా అన్న. గంతే."

చాయ్ పొంగి స్టవ్ మీద పడింది. నేను తుడవలేదు. ఏడాదిగా నేను మోసిన రాయి ఈ చిన్న పిల్ల నెత్తికి ఎక్కించుకుంటోంది. మా అత్త ఒకతరం నన్ను తొక్కింది, సత్తమ్మ ఇంకో తరం. ఇప్పుడు ఇదా! నాకు భయం వేయాలి, వేయలేదు. కోపం వచ్చింది. పద్మశ్రీ మీద కాదు.

"ఇటు సూడు," అన్నాను. "నువ్వు సంపలే, నేను సంపలే. నేనిక్కడ అడిగిన, ఏ తొవ్వన ఎతకాల్నో తెలిసింది. అక్కడ గూడ అడిగితే ఆ రాత్రే దొరుకుతుండె. అడగొద్దని నేర్పినోళ్లది తప్పు. గేటు కాడ నేను నిలవడ్త. నా నోరు ఎట్లాగూ పాడైందే గదా, ఇంకేం పాడైతది?"

పద్మశ్రీ నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ముందుగది నుంచి ఎవరో "చాయ్ ఏమాయె నానమ్మా, అస్సాం కెల్లి రావాల్నా?" అని అరిచారు.

అనుమతి ఇవ్వాల్సింది బసవరాజు సారు. విద్యార్థుల వ్యవహారాలన్నీ ఆయనవే. బుధవారం కావ్యతో నేనూ పోయాను. ఉప్పల్ దాటి, బోడుప్పల్ దాటి పోతుంటే బస్సు కిటికీ పక్కన కూర్చుని ప్రతి బోర్డూ చదివాను. భయమేసినప్పుడు నాకు అదే మందు.

సారు కావ్య చెప్పిందంతా విన్నారు. కుర్చీలు, నీళ్ల సంగతి విని మొహం చిట్లించారు. "ఇదేం పద్ధతమ్మా? రిస్క్ ఎందుకు? రద్దు చేసినం కాబట్టి ఈ ఏడాదంత ప్రశాంతంగా ఉన్నది."

"మీకు ప్రశాంతం సార్. శనివారం ఫామ్‌హౌసు మాట్లాడుకున్నరు పిల్లలు," అంది కావ్య.

"అది బయట. మన బాధ్యత కాదు. పోయినేటిది కూడా మన ఆవరణల జరగలేదు."

నేను మాట్లాడకూడదనుకున్నాను. నోరు ఆగలేదు. "ఆవరణల జరుపుకోనియ్యలేదు సారూ. గందుకే అక్కడ జరిగింది."

ఆయన అప్పుడు నన్ను చూశారు. "మీరెవరమ్మా?"

"ఈ పిల్ల నాయనమ్మను. ఆ పిల్ల మా పైగదిల ఉండేది."

సారు పెన్ను మూత తీసి మళ్లీ పెట్టారు. "నాకూ ఆడపిల్ల ఉన్నదమ్మా. నిజం చెప్తున్న, నాకు భయం," అన్నారు.

"నాకు మీకంటె ఎక్కువ భయం సారూ. చీకటి పడితే తలుపు గొళ్లెం ఎన్నిమార్లు సూసుకుంటనో మా ఇంట్లోళ్లనడుగుండ్రి. భయపడేటోళ్లమే గేటు కాడ నిలవడాలె. ధైర్యవంతులు ఇంట్ల పండుకోని ఫికర్ లేదంటరు."

ఆయన చాలాసేపు కాగితం చూశారు. చివరికి సంతకం చేశారు. రెండు షరతులు పెట్టారు. ఒకటి, పిల్లల ఇళ్ల పెద్దవాళ్లు ఎవరైనా ఆఖరు బస్సు దాకా గేటు దగ్గర ఉండాలి. రెండోది చెప్పేటప్పుడు ఆయన మా వైపు చూడలేదు. "ఆ అమ్మాయి పేరు పోస్టరు మీద గాని, మైకుల గాని రావొద్దు. కొత్త పిల్లలు బెదురుతరు."

కావ్య పెదవి కొరుక్కుంది. కాగితం అందుకుంది. బయటికి వచ్చాక "పేరే పలకనియ్యకపోతే గీ పార్టీ ఎందుకు నానమ్మా..." అని ఆగిపోయింది.

"ముందుగాల జరగనీ," అన్నాను.

శనివారం మధ్యాహ్నం కావ్య బ్యాగు సర్దుకుంది. పసుపు రిబ్బన్లు, టార్చి లైటు, విజిల్, ఓఆర్ఎస్ పాకెట్లు, దూది. ఎవరికైనా అవసరపడుతుందని ఒక జత బట్టలు. నేను చీర మార్చుకుని మెట్ల మీద నిలబడ్డాను. గోడ అవతల సత్తమ్మ ఉంది. ఏడాదిగా నన్ను కాపలా కాసినట్టే ఉంటుంది.

కావ్య గడప దాటింది. అడిగాను, సత్తమ్మకు వినపడేటట్టే అడిగాను.

"ఏడికి పోతున్నవ్ బిడ్డా?"

కావ్య తిరిగి చూసింది. కళ్లు మెరిశాయి. గబగబా వెనక్కి వచ్చి మెట్టు మీద కూర్చుంది. "యూనివర్సిటీకి పోతున్న. నీతోనే పోతున్న. అందరు చేరినంక వస్త." చెంబు ఎత్తి గుటగుటా తాగింది.

"తల్లీ, మల్లా మొదలువెట్టిందిరా ఈ ముసల్ది!" అంది సత్తమ్మ.

"మొదలువెట్టిన. నువ్వు పోయేటప్పుడు గూడ అడుగుత, సూడు," అన్నాను.

పిల్లలు వస్తారా, కీసర పోతారా అని దారి పొడుగునా బస్సు కిటికీలోంచి బోర్డులు చదువుతూనే ఉన్నాను. వచ్చారు. బగారన్నం వాసనకో, బస్సు ఇంటిదాకా దింపుతుందనో, కొత్తవాళ్లందరూ వచ్చారు. ఆడేవాళ్లు లేక ఫామ్‌హౌసు పోగ్రాం పోయింది. దుర్గేష్ కూడా ఇక్కడికే వచ్చాడు, "కిండర్‌గార్టెన్ పార్టీ" అని ఎక్కిరిస్తూ. డీజే చప్పుడుకు నా పళ్లు కదిలాయి. ఆడనీ అనుకున్నాను. ఎవరో పిల్లకు కళ్లు తిరిగితే పద్మశ్రీ పక్కకు తీసుకుపోయి, తిట్టకుండా, ఇంటికి చెప్తానని బెదిరించకుండా, ఓఆర్ఎస్ కలిపి పట్టింది.

పొద్దు గూకుతుండగా పాట ఆగింది. గేటు దగ్గర కుర్చీలు, నీళ్ల డబ్బా, నేను. పక్కన బసవరాజు సారు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఏడికి బిడ్డా? ఎవరితోని?"

మొదట వచ్చిన పిల్ల కంగారుపడి వెనక్కి ఒక అడుగు వేసింది. కూర్చుంది. తాగింది. "ఉప్పల్ మెట్రో, నానమ్మా, మా అక్కతోని," అంది. తర్వాత వాళ్లకు అదే ఒక ఆటైంది. "నానమ్మా, నన్నడుగు, నన్నడుగు!" అని ఎగబడ్డారు. పద్మశ్రీ నా పక్కన నిలబడి మొదట గొణిగింది. తర్వాత గొంతు విప్పింది. ఆఖరుకు నాకంటే గట్టిగా అడుగుతోంది. ఒక పిల్లవాడు కూర్చోబోయి కుర్చీ పక్కన కూర్చున్నాడు. వాణ్ణి రిబ్బనువాళ్లు లోపలికి తీసుకుపోయి, వాళ్ల అన్నకు ఫోను చేశారు.

చివర్లో దుర్గేష్ బండి వచ్చింది. హెల్మెట్ చేతికి తగిలించుకున్నాడు. వెనక సిరి అనే కొత్త పిల్ల. బండి ఆపకుండా పక్క నుంచి పోనిస్తుంటే నేను అడ్డం పోయి హ్యాండిల్ పట్టుకున్నాను. వదల్లేదు.

"ఏడికి బిడ్డా?"

"అవ్వా, తప్పుకో. నీ నోరు మంచిది కాదట గదా? నాచారమంత చెప్తది." దగ్గరికి వస్తే మందు వాసన. బయటికి పోయి తాగి వచ్చినట్టున్నాడు.

"అవును, మంచిది కాదు. దిగి కూసో. నీళ్లు తాగు."

"నాకు గివన్ని పడయి. అపశకునం!"

సిరి మెల్లగా దిగింది. కుర్చీలో కూర్చుంది. నీళ్లు పట్టుకున్న చెయ్యి ఆగడం లేదు. "బోడుప్పల్ నానమ్మా," అంది. "ఎవరితోని అంటే... ఈ అన్నతోని వద్దు. బస్సుల పోత."

పద్మశ్రీ ఆమె చెయ్యి పట్టుకుని బస్సు దాకా నడిపించింది. కావ్య వచ్చి బండి తాళం తీసి సారు చేతిలో పెట్టింది. సారు జేబులో వేసుకున్నారు. దుర్గేష్ దిగక తప్పలేదు. కుర్చీలో కూలబడ్డాడు గాని నీళ్లు ముట్టలేదు.

"ఏందవ్వా నీ లొల్లి? దొంగలమా మేము? గిదంత ఎవరి కోసం?"

కొత్త పిల్లలు బస్సు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తున్నారు. బసవరాజు సారు నా వైపు చూశారు, షరతు గుర్తుచేస్తున్నట్టు. నా చేతిలో మైకు లేదు. నాకు మైకు అక్కర్లేదు.

"సూర్యకళ కోసం," అన్నాను. "మా పైగది పిల్ల. పోయొస్త నానమ్మా అని పోయింది. మళ్ల రాలే. పోయినేడు ఆగస్టు ఇరవై ఆరు, శనివారం."